బెత్తెడు ఎక్కువ

పెత్రామాసకు ముందు రోజు రాజేశం మా ఇంటికి వచ్చాడు. చంకలో రెండు గుడ్డలు మడిచి పెట్టుకున్నాడు. ఒకటి తెల్ల ధోవతి, ఒకటి పచ్చ రవిక గుడ్డ. కూర్చోమంటే కూర్చోలేదు. వసారా స్తంభానికి ఆనుకొని, విడిచిన చెప్పుల వైపే చూస్తూ నిలబడ్డాడు.

"మా అన్న..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. కాసేపటికి "మా ఇంట్ల పెద్దది..." అన్నాడు. ఆ మాట కూడా నోట్లో నిలవలేదు.

ఎవరి గురించో నాకు అర్థమైంది. ఆమె పోయిన ఏడు వానకాలంలో మంచిర్యాలలో చనిపోయింది. కబురు అందిన రోజు తమ్ముడు రాజేశం ఒక్కడే రైలెక్కి పోయి కొరివి పెట్టి వచ్చాడు. ఏడాది నిండింది. ఈ పెత్రామాస అమావాస్యకు ఆమెను పెద్దల్లో కలపాలి. మా దిక్కు ఆనాడు చనిపోయిన ఒక్కొక్కరి పేరున బియ్యం, కూరగాయలు పూజారి అయ్యగారికి ఇస్తారు. మగవాళ్ల పేరున ఇచ్చే బియ్యం మీద ధోవతి పెడతారు. ఆడవాళ్ల పేరున ఇచ్చే బియ్యం మీద రవిక గుడ్డ, పసుపు, కుంకుమ పెడతారు. నాలాంటి వాళ్లు పోతే ఉత్త రవిక గుడ్డే.

"ఏది పెట్టాలె దొరసాని?" అని అడిగాడు. "ధోవతి పెడితె అది దానికి ముట్టది. రవిక పెడితె కులపెద్ద లచ్చయ్య తాత కులంల లొల్లి లేపుతడు. మీరొక మాట చెప్పున్రి."

నా మాట ఇప్పుడు ఎవరు వింటున్నారని అడిగాను.

"ఇంటరని గాదు. దొరసాని చెప్పిందని నేను చెప్పుకుంట."

రేపు పొద్దున రమ్మని పంపించాను. చెప్పవలసింది ఒక్క మాట. పన్నెండేళ్ల కింద మా దొరల గడి ముంగిట్లో ఇంతకంటే చిన్న మాట చెప్పవలసి వచ్చింది. నేను చెప్పలేదు. ఆ సంగతి రాజేశానికి తెలియదు.

ఆమె చాలా పొడుగు. ఆమెను తలచుకుంటే ముందు కళ్ల ముందు నిలిచేది అదే. సాలోళ్ల వాడలో ఇళ్ల చూరులు కిందికి ఉంటాయి. అందరూ తల వంచుకొని లోపలికి పోతారు. ఆమె తల వంచేది కాదు. నడుము నిటారుగానే ఉంచి, మోకాళ్లు మడిచి, పీట మీద కూర్చోబోతున్నట్టుగా కిందికి దిగి గడప దాటేది. వంగితే కొంగు జారుతుందనేది ఆమె చెప్పిన కారణం. నాకు అది కారణంగా తోచేది కాదు.

సాలోళ్ల ఇళ్లలో మగవాళ్లు మగ్గం గుంతలో కూర్చొని నేస్తారు. ఆడవాళ్లు రాట్నం తిప్పి కండెలు చుడతారు. ఎవరి చోటు వాళ్లది. తండ్రి ఆమెను పదేళ్ల వయసులో, కొడుకనుకొని, గుంతలో కూర్చోబెట్టాడు. చెయ్యి అంత మంచిది ఆ వాడలో ఇంకొకటి లేదని అందరూ ఒప్పుకునేవాళ్లు. కానీ తండ్రి బజారుకు పోయాడంటే ఆమె గుంతలోంచి లేచి తల్లి పక్కన రాట్నం దగ్గరికి చేరేది. తండ్రి తిరిగి వచ్చి మగ్గం కర్ర తీసుకొని కొట్టేవాడు. ఇది రోజూ జరిగే ముచ్చట. దాన్ని ఆపమని ఎవరూ అనేవాళ్లు కాదు. మా గడి కూడా అనలేదు.

తల్లి ముందే పోయింది. తండ్రి పోయిన పన్నెండో రోజు ఆమె తల్లి చీర ఒకటి కట్టుకుంది. ఇక ఆమె రాట్నం దగ్గర కూర్చుంటుందని ఊరంతా అనుకుంది. ఆమె ఆ చీరతోనే పోయి మగ్గం గుంతలో దిగింది. ధోవతి కట్టుకొని నేస్తే ఊరు చూసేది. చీర కట్టుకొని కండెలు చుడితే నవ్వి ఊరుకునేది. చీర కట్టుకొని మగ్గం నేయడం ఎవరికీ మింగుడు పడలేదు.

రాట్నం దగ్గర కూర్చోరాదా, అందరు ఆడవాళ్ల తీరు ఉండరాదా అని మా అమ్మ ఒకసారి మందలించింది.

"చెయ్యి మగ్గానికి అలవాటు పడ్డదయె" అన్నది ఆమె. "ఆడదాన్నని దాన్నెందుకు పండవెట్టాలె దొరసాని? ఆడదాని చెయ్యి గూడ గిట్ల నేస్తదని తెల్వనీయున్రి."

గొంతు మాత్రం మగ గొంతే. దాన్ని సన్నం చేయాలని ఆమె ఎప్పుడూ ప్రయత్నించలేదు. బడి పిల్లలు వెనక నుంచి ఆ గొంతును అనుకరిస్తూ నడిచేవాళ్లు. ఆమె ఆగి, వెనక్కి తిరిగి, అంతకంటే లావు గొంతుతో "గట్ల గాదు బిడ్డా, గిట్ల" అని నేర్పేది. పిల్లలు పారిపోయేవాళ్లు. "గొంతు దేవుడిచ్చిండు. చీర నేను నేసుకున్న. ఎవరిచ్చింది వాళ్లకుండనీ" అనేది.

మా గడి అప్పటికి పేరుకే గడి. పోలీసు యాక్షన్ తర్వాత భూములు పోయాయి, మనుషులు పోయారు. ముందు భాగం బడికి ఇచ్చాం. ఏనుగు పట్టేంత దర్వాజా వెనక పిల్లలు ఎక్కాలు వల్లించేవాళ్లు. మా అమ్మా నేనూ వెనక మూడు గదుల్లో ఉండేవాళ్లం. నేను పంతొమ్మిదో ఏట బొట్టు పోగొట్టుకొని పుట్టింటికి వచ్చినదాన్ని. మా నాయనకు నేనొక్కదాన్నే. ఆయన పోయాక ఇల్లూ, ఇంటి పరువూ నా మీద పడ్డాయి. పెంకులు జారుతున్నా పరువు జారలేదని నేను నడుము నిలబెట్టుకొని తిరిగేదాన్ని.

మాకు బట్టలు ఆమె తండ్రి కాలం నుంచి ఆ ఇంటి మగ్గం మీదే దిగేవి. ఆమె వాకిట్లో ఆగి చేతి గాజులు ఒకసారి కదిపేది. అది తాను వచ్చినట్టు. చిన్నప్పటి పేరుతో మా అమ్మ ఒకసారి పిలిస్తే ఆమె పలకలేదు. అప్పటి నుంచి మా అమ్మ "ఓ సాలె" అనడం మొదలుపెట్టింది. నేను ఏమీ పిలవకుండానే మాట మొదలుపెట్టేదాన్ని. ఆ తెలివికి నన్ను నేను లోలోపల మెచ్చుకున్నాను కూడా. ఆమె కనిపెట్టింది. "చిన్న దొరసాని నన్ను తొవ్వ అడిగినట్టు మాట్లాడ్తది" అని మా అమ్మతో అని నవ్వింది.

ఒక మధ్యాహ్నం మా అమ్మ లోపల పడుకొని ఉంది. ఆమె బట్టలు తెచ్చి వసారాలో పరిచింది. ఆ రోజు శుక్రవారం. కాళ్లకు పసుపు రాసుకుంది, తలలో బంతిపూలు పెట్టుకుంది. పెద్ద పాదాలు. పసుపు గోళ్ల సందుల దాకా శ్రద్ధగా పట్టించి ఉంది. ఎందుకో నాకు ఒళ్లు మండింది. ఇంత ముస్తాబు ఎవరి కోసమని అడిగాను. తన కోసమేనని చెప్పింది. నిన్ను చూసేటోళ్లు ఎవరున్నారని అన్నాను. "నేనున్న గద" అంది.

అక్కడ ఆగవలసింది. నేను ఆగలేదు. "బొట్టు, గాజులు, పూలు పెట్టుకున్నంత మాత్రాన ఆడది అయితరా ఎవరన్న?" అన్నాను.

ఆమె చేతిలో ఉన్న బట్ట అంచుకు అంచు కలిపి మడత పూర్తి చేసింది. తరువాత తల ఎత్తింది.

"కారు దొరసాని. వాటితోనే అయితరంటె, అవి తీసిన్నాడు మీరు ఏమైనట్టు?"

నా చెయ్యి లేచింది. కొట్టలేదు గాని లేచింది. బయటికి నడవమన్నాను. ఆమె తొందరపడలేదు. బట్టలు ఒక్కొక్కటే మూటలో పెట్టుకుంది.

"మిమ్మల్ని అనలే. మీరన్న మాటను కొలిచి చూసిన, అంతే" అని వెళ్లిపోయింది.

ఆ మాటకు జవాబు కోసం నేను చాలా రోజులు వెతికాను. గాజులు తీసిన రోజు నాకు కొత్త చీర ఇచ్చారు, కొత్త గది ఇచ్చారు, ఏం తినాలో ఏం తినకూడదో చెప్పారు. నువ్వు ఇప్పుడు ఏమిటి అని మాత్రం ఎవరూ అడగలేదు. మొదట అడిగిన మనిషి ఆమె. అందుకే అంత కోపం వచ్చిందని ఇప్పుడు అనుకుంటాను.

నెల తిరిగాక, ఏమీ జరగనట్టే, గాజుల చప్పుడు వినిపించింది. నాకు చెప్పిన, అంచు లేని తెల్ల చీర అంటూ ఒకటి తెచ్చింది. మా అమ్మ మడత మీదే చూసి లోపల పెట్టమంది. గదిలోకి పోయి విప్పితే, లోపలికి తిప్పి మడిచిన వైపు వేలెడు వెడల్పున ముదురు ఎరుపు అంచు ఉంది. కట్టుకొని చూశాను. చీర పాదాల మీద వాలింది. నేను మా ఇంట్లో మగవాళ్లంత ఎత్తు ఉంటాను. నా చీరలన్నీ చీలమండల పైనే ఆగేవి. మా అమ్మ దాన్ని నా ఎత్తు చేసిన తప్పుగా చెప్పేది, చీర చేసిన తప్పుగా కాదు.

తరువాత వచ్చినప్పుడు అమ్మ పెరట్లో ఉండగా ఆమె గొంతు తగ్గించింది.

"మీరు నిలవడ్డప్పుడు కాళ్లు లోపలికి గుంజుకుంటరు. నేను గూడ గట్లనే నిలవడుతుంటి. బెత్తెడు ఎక్కువ పెట్టిన. అసొంటిదే నాకొకటి నేసుకున్న. ఊర్లె గీ పొడుగు మనకిద్దరికే."

'మనకిద్దరికే' అన్న మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. చీర తిరిగి ఇచ్చేయాలనుకున్నాను. ఇవ్వలేదు. పెట్టె అడుగున దాచాను. మధ్యాహ్నాలు అమ్మ కునుకు తీస్తున్నప్పుడు తలుపు గడియ వేసుకొని కట్టుకునేదాన్ని. కట్టుకొని గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచేదాన్ని. అంతే. మళ్లీ మడిచి పెట్టేదాన్ని.

ఆ చలికాలంలోనే రాజేశానికి సుల్తానాబాద్ నుంచి పిల్లను చూశారు. ఆ ఇంట్లో అటువంటి మనిషి ఉంటే పిల్లను ఇవ్వమని వాళ్లు తెగేసి చెప్పారు. కులపెద్ద లచ్చయ్య నలుగురిని వెంటబెట్టుకొని మా గడికి వచ్చాడు. గడి మాట అని చెబితే సుల్తానాబాద్ వాళ్లకు నమ్మకం కుదురుతుందట.

ఏడేళ్లుగా తీర్పు కోసం మా గడప ఎవరూ తొక్కలేదు. లచ్చయ్య ఒకప్పుడు మాట మాటకూ 'నీ బాంచెన్' అనేవాడు. ఇప్పుడు ఉత్త 'దొరసాని' అంటున్నాడు. అది కూడా నేను గమనించనట్టు ఉండిపోయాను. బడికి ఆ పూట సెలవు ఇప్పించాను. ముంగిట్లో జంపఖానా పరిపించాను. మా నాయన కుర్చీకి ఒక చెయ్యి ఊడిపోయి ఉంటే ఆ పక్క గోడ వైపు జరిపించి కూర్చున్నాను. వెనక తలుపు పరదా చాటున మా అమ్మ నిలబడింది. మనసులో పండుగ చేసుకుంటున్న సంగతి నాకు తెలుసు. ఒక మనిషి ఇల్లు పోబోతున్న రోజున నాకు పండుగ.

ఆమె వచ్చి అందరికీ ఎడంగా నిలబడింది. ఒంటి మీద ఎర్ర అంచు చీర. పాదాల మీద వాలి ఉంది.

ధోవతి కట్టుకొని మగ్గం మీద కూర్చుంటే ఇంట్లో ఉండవచ్చు, లేకపోతే ఊరు విడవాలి అని లచ్చయ్య చెప్పాడు. చీర కట్టుకున్నందుకే ఊరు విడవమనడానికి వచ్చిన నలుగురిలో ఇద్దరికి నోరు రావడం లేదు. అది లచ్చయ్యకూ తెలుసు. అందుకే చేతిలో ఒక సాక్ష్యం పట్టుకొచ్చాడు. పడుగు పోగులను వరుసగా పట్టి ఉంచే దువ్వెన లాంటి చట్రం అది, పన్నె అంటారు. పన్నె ఎంత వెడల్పు ఉంటే బట్ట అంతే వెడల్పు దిగుతుంది. దాన్ని నా కాళ్ల ముందు పెట్టాడు. అది మామూలు పన్నె కంటే బెత్తెడు ఎక్కువ.

"సాలోళ్ల సంఘం నూలు తీసి సొంతానికి నేసుకున్నడు. గిరాకి చెప్తె నేసిన అంటె అది పని, పనికి తప్పు లేదు. గీ పన్నె మీద రెండు చీరలు దిగినయని రాజేశమే చెప్పిండు. ఒకటి గిదో, ఒంటి మీదున్నది, సొంతానికి ఒకటి అంటె ఇడుస్తం. రెండోది ఎవరు చెప్తె నేసినవ్? గింత వెడల్పు చీర కట్టే ఆడది ఊర్లె ఎవరున్నది?"

నేను కాళ్లు కుర్చీ కిందికి లాక్కున్నాను.

'నేనే నేయమన్నాను, రెండోది నా పెట్టెలో ఉంది, పన్నె కూడా నేను చెబితేనే కట్టించింది.' ఇంత అంటే చాలు. దొంగతనం మాట లేచిపోయేది, మిగిలిన మాటకు ఆ ఇద్దరి బలం తగ్గేది. కానీ అంచు చీర ఎందుకు చెప్పావని వెనక పరదా అడుగుతుంది. ఈ మనిషి చీర కొలత, నీ చీర కొలత ఒక్కటేనా అని ముందున్న నలుగురూ చూస్తారు. ఆమె నా వైపు చూస్తుందేమోనని భయపడ్డాను. ఆమె చూడలేదు.

"రెండోది గూడ నాకే" అంది.

అయితే తీసి చూపించమన్నాడు లచ్చయ్య. చినిగిందని చెప్పింది. నెల రోజుల్లోనేనా అని అడిగాడు. "మంచిగ నేయలే" అంది. నలుగురూ నవ్వారు. ఆమె చెడ్డగా నేయదని వాళ్లందరికీ తెలుసు. తన పని మీద ఆమె చెప్పుకున్న చాడీ నేను విన్నది అదొక్కటే.

అందరూ నా వైపు తిరిగారు. నేను మా నాయన గొంతు తెచ్చుకున్నాను.

"ఇంట్ల ఏమన్న కట్టుకోనీయున్రి. బజార్లకు వచ్చిన్నాడు ధోవతి కట్టాలె. నూలు సంగతి ఇక ఎత్తద్దు."

ఆ క్షణాన అది గొప్ప తీర్పనుకున్నాను. ఇద్దరినీ నిలబెట్టాననుకున్నాను. లచ్చయ్య తల ఊపాడు. రాజేశం ఊపిరి పీల్చుకున్నాడు. పరదా వెనక మా అమ్మ గాజు లేని చెయ్యి తలుపును తట్టింది, బాగుంది అన్నట్టు.

ఆమె పన్నె వైపు చూసింది.

"తెగిన పోగును అతుకుడు నాకొస్తది దొరసాని" అంది. "మనిషిని ఇంటికొక తుకుడ, బజారుకొక తుకుడ చేస్తె అతుకుడు రాదు."

వంగకుండా, మోకాళ్లు మడిచి కిందికి దిగి, పన్నెను ఎత్తి చంకలో పెట్టుకుంది. అది తాను కట్టించుకున్నదని, సంఘానిది కాదని లచ్చయ్యతో చెప్పింది. మరునాడు పొద్దున పెద్దపల్లికి పోయే బస్సు ఎక్కింది. ఒంటి మీద అదే చీర. బజారు గుండానే నడిచిపోయింది. నా తీర్పును ఆమె పాటించలేదు, ఊరికి పాటించే అవసరం లేకపోయింది. మా గడి మళ్లీ ఇంకొక తీర్పు చెప్పలేదు.

నన్ను కాపాడడానికే ఆమె ఆ అబద్ధం చెప్పిందని నేను నమ్మాను. ఆ నమ్మకంలో సిగ్గు ఉండేది. దాని కింద కొంత గర్వం కూడా ఉండేది. ఒకరు ఊరు పోగొట్టుకొని అయినా కాపాడదగిన మనిషిని అన్న గర్వం.

ఆరేళ్లకు అమ్మ పోయింది. ఆ తరువాత ఒక భూమి కాగితం పని మీద మంచిర్యాల పోయాను. పని చిన్నది, ఇంకెవరినైనా పంపవచ్చు. రైలు గేటు అవతల సాలోళ్ల ఇళ్లలో వెతికి ఆమె ఇల్లు పట్టుకున్నాను. ఒకే గది. ఒక మగ్గం. ఆ మగ్గానికి బిగించి ఉన్న పన్నెను గుమ్మంలోంచే గుర్తుపట్టాను.

మధ్యాహ్నం భోజనం వేళ. ఆమె పీట మీద కూర్చొని విస్తరాకు ముందు పెట్టుకుంది. గరిటెతో అన్నం వడ్డించుకుంటూ తనలో తాను మాట్లాడుకుంటోంది. "ఇంకింత వేసుకో బిడ్డా. సిగ్గువడకు." కొంచెం ఆగి "చాలు, చాలు" అంది. అని కూడా ఇంకొక గరిటె వేసుకుంది.

నన్ను చూసి సిగ్గుపడలేదు.

"ఒక్కదాన్నే గద అని కుండల నుంచి తింటె ఎట్ల దొరసాని? చుట్టం వచ్చినట్టు వడ్డించుకుంట" అని నవ్వింది. జుట్టు అక్కడక్కడ నెరిసింది. నొసట బొట్టు పెద్దది.

ఇక్కడ నిన్ను ఏమని పిలుస్తారని అడిగాను. చెప్పింది. పేరు పెట్టుకోవడం తేలికగానే అయిందని, దాన్ని నలుగురితో పిలిపించుకోవడానికి గోదావరి దాటవలసి వచ్చిందని అంది. ఒంటరిగా ఉండడం కష్టంగా లేదా అని అడిగాను. ఆ ప్రశ్న నన్ను నేను అడుగుతున్నట్టే ఉంది.

"నా మీద నాకు ప్రేమ, పాయిరం ఉన్నది. అది లేకుంటె గా మగ్గం కర్రల కిందనే సచ్చిపోదును" అంది. అన్నం కలుపుతూ ఆగింది. "అయినా పొద్దు మూకితె, ఇంకొకలు వచ్చి 'తిన్నవా' అంటె మంచిగుండు అనిపిస్తది. నన్ను నేను ఎన్ని మాట్ల అడిగినా అది ఇది గాదు. ఒకటున్నదని రెండోది అక్కర లేకుంట పోదు."

అప్పుడు నేను ఆరేళ్లుగా కూర్చి పెట్టుకున్న మాట అన్నాను. ఆనాడు చెప్పవలసింది నేను, నువ్వు నన్ను కాపాడినవ్ అన్నాను. నడుము నిటారుగానే పెట్టుకొని అన్నాను. క్షమించమనడం కూడా ఇవ్వడంలాగే చేయడం మా ఇంటి అలవాటు.

ఆమె నన్ను వింతగా చూసింది.

"మిమ్మల్ని కాపాడుడు ఏంది? ఇచ్చిన చీర పేరు నలుగుట్ల చెప్తె వాపసు అడిగినట్టయితది. అందుకే అనలే." విస్తరి వైపు చూస్తూ మెల్లగా అంది. "మీరు చెప్తరని నేను అనుకోలే దొరసాని. అనుకుంటె మీ దిక్కు చూద్దును."

కోపంగా అనలేదు. నిష్ఠూరంగానూ అనలేదు. ఉన్న సంగతి చెప్పింది. ఆ ముంగిట్లో తనకు దిక్కయ్యే మనుషులను ఆమె లెక్క చూసుకుందన్నమాట. ఆ లెక్కలో నేను లేను.

చేయి కడుక్కొని లేచి, పక్కన ఉన్న విస్తర్ల కట్ట నుంచి ఒక ఆకు తీసింది. ఇంకొక పీట వాల్చింది.

"కూసోండ్రి. ఇంత తిని పోదురు."

మా ఇంట్లో ఆడవాళ్లు బయట ఎవరింటా తినరు. రైలు వేళ అయిందని చెప్పాను. రైలుకు ఇంకా రెండు గంటలు ఉంది. ఆ సంగతి మంచిర్యాలలో ఉండే మనిషికి తెలియకుండా ఉండదు. ఆమె ఆకును తిరిగి కట్టలో పెట్టింది. పీట గోడకు ఆనించింది. గుమ్మం దాకా వచ్చి "మంచిగ పోయి రాండ్రి" అంది. మళ్లీ ఆమెను చూడలేదు.

పెత్రామాస పొద్దున పెట్టె తీసి ఆ చీర కట్టుకున్నాను. రాజేశం వచ్చి నన్ను చూసి తల దించుకున్నాడు. నేను కూడా వస్తున్నానని చెప్పాను. సాలోళ్ల వాడ మీదుగా ఆంజనేయస్వామి గుడి దాకా నడిచాం. ఆ బజారులో మా ఇంటి ఆడది నడవడం అదే మొదలు. గుమ్మాల్లో మాటలు ఆగిపోయేవి, మేము దాటాక మళ్లీ మొదలయ్యేవి.

గుడి అరుగు మీద అయ్యగారు కూర్చొని ఒక్కొక్కరి దగ్గర బియ్యం తీసుకుంటున్నారు. చుట్టూ ఇరవై మంది దాకా ఉన్నారు. లచ్చయ్య ముసలివాడై, కర్ర పట్టుకొని, స్తంభం మొదట్లో కూర్చున్నాడు. నేను సరాసరి ఆయన ముందుకు పోయి నిలబడ్డాను.

"లచ్చయ్యా, ఆనాడు నువ్వడిగిన రెండో చీర ఇదే. నా పెట్టెల ఉండె. నేనప్పుడు చెప్పలే" అన్నాను.

ఆయన తల ఎత్తి, నా ముఖం వైపూ చీర వైపూ చూశాడు.

"ఏ చీర దొరసాని?"

గడి ముంగిట్లో పంచాయితీ అన్నాను. పన్నె తెచ్చి నా కాళ్ల ముందు పెట్టినవ్ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"యాదికి లేదు. మస్తు పంచాతులు చేస్తిమి" అన్నాడు. పన్నెండేళ్లుగా నేను మోసుకు తిరిగినదాన్ని ఆయన అంత తేలికగా పక్కన పెట్టాడు. తరువాత కళ్లు చికిలించి చీర అంచు మీదికి వంగాడు. ముట్టుకోలేదు. "నేత మటుకు గుర్తువట్టిన. గిది రాజేశంగాని అన్న చెయ్యి."

"రాజేశం అక్క చెయ్యి" అన్నాను.

అరుగు మీద ఎవరో గొంతు సవరించుకున్నారు. లచ్చయ్య నా వంక చూసి, రాజేశం వంక చూసి, కర్రను ఒక చేతిలోంచి ఇంకొక చేతిలోకి మార్చుకున్నాడు.

మా వంతు వచ్చింది. రాజేశం బియ్యం, గుమ్మడికాయ, చిక్కుడుకాయలు అయ్యగారి ముందు పెట్టాడు. చంకలోని రెండు గుడ్డలూ తీశాడు. నేను ధోవతిని అతని చేతిలోంచి తీసి నా దగ్గర పెట్టుకున్నాను. అతను రవిక గుడ్డను బియ్యం మీద పరిచాడు. పసుపు, కుంకుమ పొట్లాలు మాత్రం పట్టుకొని నిలబడిపోయాడు.

పెట్టమన్నాను. ఆ మాట నా నోట రావడం అయ్యగారికి నచ్చలేదని ముఖంలో తెలిసింది. రాజేశం పెట్టాడు.

"గోత్రం?" అని అడిగారు అయ్యగారు. రాజేశం చెప్పాడు.

"పేరు?"

రాజేశం నోరు తెరిచి నా వైపు తిరిగాడు. అతనికి తెలిసింది పాత పేరు ఒక్కటే. నేను చెప్పాను. అరుగు చివరి దాకా వినిపించేట్టు చెప్పాను. అయ్యగారు ఒక క్షణం తటపటాయించి, మంత్రంలో కలిపి మూడుసార్లు పలికారు. మూడోసారి ఆయనతో పాటు రాజేశం కూడా పెదవులు కదిపాడు.

ఆ పేరు ఇక్కడ రాయను. వినవలసినవాళ్లు అక్కడ విన్నారు.